ప్రతినిధి ద్రవ్యం, పొట్టి యాంటెన్నా

విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దాని స్థానంలో మరొకటి ఉంచి చేసిన యాగం యాగమే అవుతుందా అన్న ప్రశ్నను పూర్వమీమాంస ఎంతో శ్రద్ధతో విచారించింది. జైమిని సూత్రాలలో ఆరో అధ్యాయం మూడో పాదం చాలావరకు ఈ చర్చే. వ్రీహి, అంటే వరిధాన్యం, లభించకపోతే నీవారంతో, అంటే విత్తకుండా మొలిచే నివ్వరితో, కర్మ సాగించవచ్చునని మీమాంసకులు నిర్ణయించారు; అలా ఒకదాని చోట నిలిచే ద్రవ్యానికి ప్రతినిధి అని పేరు. తెలుగు ఇళ్లలో ఈ ఆలోచన శాస్త్రం పేరు ఎత్తకుండానే బతుకుతోంది. షోడశోపచార పూజలో వస్త్రమో ఆభరణమో లేనప్పుడు ఆ ఉపచారం పేరు చెప్పి అక్షతలు సమర్పించడం అందరూ ఎరిగినదే. చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడు కొలువై ఉన్నా, ఆ పక్కనున్న గోవాడలో వ్రతానికి కూర్చున్న ఇల్లాలు పసుపుముద్దతో గణపతిని చేసుకొనే పూజ మొదలుపెడుతుంది.

ఇక్కడ తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ప్రతినిధి లోటును పూడుస్తుందా, లేక లోటు అలాగే ఉండగా కర్మ ఆగకుండా చూస్తుందా? ఈ రెండూ ఒకటి కావు. రేడియో విద్యలో ఇదే ప్రశ్న, సంఖ్యలతో కొలవగలిగిన రూపంలో, లోడింగ్ కాయిల్ దగ్గర ఎదురవుతుంది.

నేలను ఆధారం చేసుకొని నిలిచే యాంటెన్నా కడ్డీ తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉంటే అది అనునాదంలో ఉంటుంది, అంటే ట్రాన్స్‌మిటర్ ఇచ్చే విద్యుత్తును ఎదురు చెప్పకుండా స్వీకరిస్తుంది. 3.6 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 83 మీటర్లు, అందులో నాలుగో వంతు దాదాపు 21 మీటర్లు. గోవాడ చెరకు పొలాల గట్ల మీది చెట్లకు అంత తీగ కట్టడం కష్టం కాదు గాని, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటి చెట్లనూ సెల్ టవర్లనూ ఒక్కటిగా పడగొట్టినటువంటి రోజున, వార్త మోయవలసిన హామ్ రేడియో మనిషికి మిగిలేది జీపు మీద నిలబడే రెండున్నర మీటర్ల కడ్డీయే. అంత పొట్టి కడ్డీ విద్యుత్తు దృష్టిలో ఒక చిన్న కెపాసిటర్ వంటిది. తీసుకున్న శక్తిని ప్రతి ఆవృత్తిలోనూ తిరిగి వెనక్కి నెట్టేస్తుంది. ఈ ఎదురుదెబ్బకు రియాక్టెన్స్ అని పేరు, ఈ కడ్డీకి అది సుమారు 1,770 ఓమ్‌లు. దానికి సరిగ్గా వ్యతిరేక స్వభావం గల రియాక్టెన్స్‌ను తీగచుట్ట ఇస్తుంది కనుక, కడ్డీ అడుగున 78 మైక్రోహెన్రీల చుట్ట పెడితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకొని ప్రవాహానికి దారి ఏర్పడుతుంది. ఆ చుట్టే లోడింగ్ కాయిల్.

ఈ చుట్ట లోపించిన పద్దెనిమిది మీటర్లకు పైబడిన పొడవును తనలో ఇముడ్చుకొన్నదని, కనుక దాని కింది కొన కన్నా పై కొనలో ప్రవాహం ఆ మేరకు తగ్గిపోతుందని భావించేవారు చాలామంది ఉన్నారు. ఇది పొరపాటు. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చాలా చిన్నదైన చుట్టలోకి ప్రవేశించిన విద్యుదావేశం మధ్యలో నిలవడానికి చోటు లేదు. ఒక కొనలో ప్రవేశించినంతా రెండో కొనలో బయటపడవలసిందే. పొడుగ్గా, పలచగా చుట్టిన కాయిల్‌లో పై కొన ప్రవాహం కొంత తగ్గడం నిజమే గాని, ఆ తగ్గుదలకు కారణం చుట్టకూ పరిసరాలకూ మధ్య ఉన్న కెపాసిటెన్స్ గుండా దారిపొడుగునా జారిపోయే ప్రవాహం, లోపించిన పొడవు కాదు. కాయిల్ పొడవును తెచ్చి ఇవ్వదు, పొడవు లేనందువల్ల కలిగిన అడ్డంకిని తొలగిస్తుంది.

పూడని లోటు ఎక్కడ కనిపిస్తుందో చూడాలంటే వికిరణ నిరోధాన్ని చూడాలి. తరంగాలుగా మారి ఆకాశంలోకి వెళ్లే శక్తిని లెక్కకట్టే కొలత అది. ఈ కడ్డీకి, కాయిల్ అడుగున ఉంటే, అది కేవలం 0.36 ఓమ్. మంచి చుట్టలో తీగ వేడెక్కడం వల్ల కలిగే నష్టం 9 ఓమ్‌లకు దగ్గరగా, వాహనం కింది నేల వల్ల కలిగే నష్టం 10 ఓమ్‌లుగా తీసుకుంటే, 100 వాట్లు పంపినప్పుడు తరంగాలయ్యేది రెండు వాట్లకు లోపే, తక్కినదంతా వేడి. అదే కాయిల్‌ను కడ్డీ నడుమకు చేరిస్తే దాని కింది భాగమంతటా ప్రవాహం దాదాపు సమానంగా నిలిచి, వికిరణ నిరోధం రెండింతలకు మించి 0.8 ఓమ్‌కు చేరుతుంది. అయితే పైన మిగిలిన సగం కడ్డీకి చుట్ట రెట్టింపు కావలసి రావడంతో నష్టమూ పెరిగి, చివరికి దక్కేది మూడు వాట్లకు కాస్త తక్కువ.

ఇంకొక సంగతి ఆలోచించదగినది. కేబుల్‌కూ యాంటెన్నాకూ పొత్తు కుదిరిందో లేదో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ మొత్తం నిరోధం 50 ఓమ్‌లు అయినప్పుడు సంతృప్తి ప్రకటిస్తుంది. పైన చెప్పిన అడుగు కాయిల్ అమరికలో నేల నష్టం 10 నుంచి 40 ఓమ్‌లకు పెరిగితే మొత్తం 49కి చేరి మీటర్ ముల్లు నిక్కచ్చిగా నిలుస్తుంది, కాని తరంగమయ్యే శక్తి నూటికి ఒక వంతు కూడా ఉండదు. లోటు పెరిగినకొద్దీ పైకి పొందిక మెరుగుపడుతుందన్నమాట. ప్రతినిధిని అసలుగా పొరబడడంలోని ప్రమాదం ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి అరుదు.

మీమాంసకులు ఈ పొరపాటుకు తావివ్వలేదు. నివ్వరిని గ్రహించేది అది నివ్వరి అయినందుకు కాదని, వరితో సమానమైన అవయవాలు అందులో ఉన్నందుకేనని వారి వాదం. అందుకే నివ్వరి కూడా నిండుకుంటే, నివ్వరిని పోలినదాన్ని వెతకరాదు, వరిని పోలినదాన్నే వెతకాలి. దేవత, అగ్ని, మంత్రం, క్రియ అన్న వాటికైతే ప్రతినిధే లేదు. అగ్నిహోత్రం వంటి నిత్యకర్మలో అంగాలు శక్తికొద్దీ జరిగితే చాలు. వర్షం కోరి చేసే కారీరీష్టి వంటి కామ్యకర్మలో అంగాలన్నీ సమగ్రంగా ఉండాలి, లేకుంటే ఫలం లేదు. యాగఫలం కంటికి కనబడని అపూర్వం ద్వారా కలుగుతుందని శాస్త్రం చెబుతుంది, తరంగశక్తి పరికరానికి అందుతుంది. కనుక రెండు ఫలాలూ ఒకటేననడం తగదు. ఆలోచించే తీరు మాత్రం ఒకటే. తుపాను రాత్రి దారి తెగిందని చెప్పే వార్త నిత్యకర్మ వంటిది, రెండు వాట్లతోనైనా చేరవలసిన చోటికి చేరితే అది సఫలం. సముద్రాల అవతలి గొంతును ప్రతిరోజూ స్పష్టంగా అందుకోవాలనే కోరిక కామ్యం. దానికి పొట్టి కడ్డీని ఆశ్రయించి, అందలేదని వగచడం న్యాయం కాదు.

వరిని పోలినదాన్నే వెతకాలన్న నియమం యాంటెన్నా నిర్మాతకు సూటిగా పనికివస్తుంది. పొట్టి కడ్డీని మెరుగుపరచదలచినవాడు మరింత పెద్ద కాయిల్ వైపు వెళ్లకూడదు, నిండు యాంటెన్నా వైపు వెళ్లాలి: కడ్డీని వీలైనంత పెంచాలి, శిఖరాన గొడుగు ఊచల్లా తీగలు పరచాలి, నేలలో రాగితీగలు విస్తారంగా పాతాలి. శిఖరపు గొడుగు తగినంత పెద్దదైతే కడ్డీ పొడవునా ప్రవాహం సమానమై వికిరణ నిరోధం 0.36 నుంచి 1.4 ఓమ్‌లకు, అంటే నాలుగింతలకు, చేరగలదు. కావలసిన చుట్ట కూడా చిన్నదవుతుంది.

జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రాలు ఈ దారినే నడుస్తాయి. అటువంటి ఒక నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగింది. 20 కిలోహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 15 కిలోమీటర్లు, అందులో నాలుగో వంతు ఎత్తున స్తంభం నిలపడం మనుషుల వల్ల కాదు కనుక, అక్కడ ప్రతి యాంటెన్నా పొట్టిదే. శిఖరాల మధ్య పరిచే తీగల వలకూ, నేలలో పాతే రాగికీ అందుకే అంత విస్తీర్ణం కావాలి. ఆ అడవిలోనే రామలింగేశ్వరాలయం ఉంది. కేంద్రం కోసం కొట్టే చెట్లకు బదులు వేరొక చోట మొక్కలు నాటవచ్చునా, అవి ఆ అడవికి ప్రతినిధి కాగలవా అని అక్కడివారు పడిన ఆవేదనలో, దేవతకు ప్రతినిధి లేదన్న పాత నిర్ణయం మళ్లీ వినిపిస్తుంది.