తేనె చుక్కా, తల్లి పాలా?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెలుగింటి పిల్లకు నెలలు నిండుతున్నాయంటే హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో అమ్మమ్మో నాయనమ్మో బయల్దేరుతుంది. ఆవిడ పెట్టెలో వెండి ఉగ్గుగిన్నె, వసకొమ్ము, ఆముదం, బాలింత కారప్పొడి, గ్రైప్ వాటర్ ఉంటాయి. చీర మడతల్లో చుట్టిన తేనె సీసా కూడా చాలాసార్లు ఉంటుంది. మౌరీ అవెన్యూ మీది వాషింగ్టన్ హాస్పిటల్లో బిడ్డ పుట్టగానే ఒక పాత ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. పురిటిబిడ్డ నోట్లో మొదట పడవలసింది ఏది?

పైకి ఇది ఆహారం గురించిన ప్రశ్నే. కానీ దీని వేళ్ళు సంస్కారాల్లో ఉన్నాయి. బొడ్డు కోయకముందే మంత్రం చెబుతూ బంగారం, తేనె, నెయ్యి నాకించాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. అదే జాతకర్మ. బృహదారణ్యకోపనిషత్తు ఆరో అధ్యాయంలో తండ్రి బిడ్డ కుడి చెవిలో ‘వాక్కు’ అని మూడుసార్లు పలుకుతాడు. పెరుగు, తేనె, నెయ్యి కలిపి బంగారంతో తినిపిస్తాడు, పేరు పెడతాడు. ఆ తర్వాత బిడ్డను తల్లి ఒడిలో ఉంచి, సరస్వతిని ప్రార్థిస్తూ చన్ను అందిస్తాడు. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రంలోనూ తేనె, నెయ్యి, బంగారం ఉన్నాయి. చన్ను అందించే మంత్రమూ ఉంది. బిడ్డకు తెలివీ ఆయుష్షూ కలగాలన్నదే ఈ తంతు అంతటి కోరిక.

ఆయుష్షు కోరి పెట్టే ఆ తేనె చుక్కే ప్రాణం మీదికి తేవచ్చని గుర్తించిన చోటు కూడా కాలిఫోర్నియానే. శిశువులకు వచ్చే బోట్యులిజం జబ్బును వైద్యులు మొదటిసారి గుర్తించింది 1976లో, ఈ రాష్ట్రంలోనే. దీనికి తేనెతో ఉన్న సంబంధాన్ని రాష్ట్ర ఆరోగ్యశాఖ శాస్త్రవేత్త స్టీఫెన్ ఆర్నన్, ఆయన సహచరులు బయటపెట్టారు. క్లాస్ట్రిడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, దుమ్ములో ఉంటాయి, కొన్ని తేనెల్లోనూ ఉంటాయి. ఇంట్లో తేనెను మరిగించినంత మాత్రాన అవి చావవు. అడవి తేనె, పుట్ట తేనె, స్వచ్ఛమైన తేనె అన్న తేడా కూడా వాటికి లేదు. పెద్దవాళ్ళ పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు వాటిని మొలకెత్తనివ్వవు. పసిబిడ్డ పేగు ఇంకా ఖాళీ నేల కాబట్టి అక్కడ మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. చాలామంది బిడ్డల్లో మొదట కనబడేది మలబద్ధకమే. తర్వాత ఏడుపు నీరసిస్తుంది, చన్ను చీకే పట్టు తగ్గుతుంది, కనురెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు. దీనికి కాలిఫోర్నియా ఆరోగ్యశాఖే తయారు చేసిన బేబీబిగ్ అనే మందుకు 2003లో ఆమోదం దొరికింది. అయితే ఏడాది నిండేదాకా తేనె పెట్టకుండా ఉంటే తేనె వల్ల వచ్చే ముప్పు మొదలే ఉండదు.

మరి మన పాత శాస్త్రం తప్పు చెప్పిందా? ఆ మాట అనేముందు శాస్త్రం ఎందుకు అలా చెప్పిందో చూడాలి. కాన్పయిన మూడు నాలుగు రాత్రులకు గానీ స్త్రీలకు పాలు పడవని సుశ్రుత సంహిత శారీరస్థానం గమనించింది. అందుకే ఆ మధ్య రోజుల్లో తేనె, నెయ్యి పెట్టమంది. పాలు నిండుగా దిగడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుందని నేటి వైద్యమూ అంటుంది. కాబట్టి ఆ పరిశీలన నిజమే. అయితే ఆ రోజుల్లో రొమ్ము ఖాళీగా ఉండదు. పసుపు రంగులో, చిక్కగా, కొద్దికొద్దిగా ముర్రుపాలు వస్తాయి. మొదటి రోజు ఒక్కోసారికి కొన్ని మిల్లీలీటర్లే. ఆ బిడ్డకు అవసరమయ్యేదీ అంతే. రోగాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలు వాటిలో దండిగా ఉంటాయి. కడుపులోని నల్లటి తొలి మలాన్ని బయటికి తోసేదీ అవే. తల్లిదగ్గర ఏమీ లేదన్న దిగులుతో తేనె వచ్చింది. ముర్రుపాలున్నాయని తెలిశాక ఆ దిగులుకు ఆధారం లేదు.

పైగా వేరే దారి ఉపనిషత్తులోనే ఉంది. బృహదారణ్యకం మొదటి అధ్యాయంలో ప్రజాపతి ఏడు అన్నాలు సృష్టించిన కథ వస్తుంది. అందులో ఒకటి పశువులకిచ్చిన పాలు. మనిషైనా పశువైనా మొదట బతికేది పాలమీదే కాబట్టి, పుట్టిన బిడ్డకు నెయ్యి నాకిస్తారు లేదా చన్ను పట్టిస్తారు అంటుంది ఉపనిషత్తు. అక్కడ తేనె ప్రస్తావనే లేదు. నెయ్యి, చన్ను సమానమైన రెండు దారులుగా నిలిచాయి. గడ్డి ఎరుగని లేగదూడ పక్కనే మనిషి బిడ్డనూ నిలబెట్టిన ఆ చూపులో గొప్ప వినయం ఉంది. ఆచారం కోసం ఆరాటపడే కుటుంబానికి అందులో ఊరట కూడా ఉంది. చన్ను పట్టించడమంటే జాతకర్మను వదులుకోవడం కాదు, దానిలోని ఒక భాగాన్ని నిండుగా చేయడం.

తల్లిపాల గురించి ఇటీవల తెలిసిన సంగతి ఒకటి ఈ ఆలోచనను ఇంకా లోతుకు తీసుకుపోతుంది. పాలలో నీటిని పక్కన పెడితే లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేవి ఆలిగోశాకరైడ్లు అనే చక్కెరలు. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. తల్లి తన ఒంటి శక్తిని పెట్టి తయారు చేసే పదార్థం బిడ్డకు అరగకపోవడమేమిటి? డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బ్రూస్ జర్మన్, డేవిడ్ మిల్స్, కార్లిటో లెబ్రిల్లా బృందాలు ఈ చిక్కు విప్పడానికి ఏళ్ళ తరబడి పనిచేశాయి. ఆ చక్కెరలు బిడ్డ పేగులో పెరిగే బిఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ అనే సూక్ష్మజీవికి ఆహారం. అది వాటిని తిని, పేగును ఆమ్లంగా ఉంచి, చెడ్డ సూక్ష్మజీవులకు చోటు లేకుండా చేస్తుంది. తాను తినేముందు ఇతర ప్రాణులకు ఇంత పెట్టడం భూతయజ్ఞమని, పంచమహాయజ్ఞాల్లో అదొకటని పెద్దలు చెబుతారు. తల్లిపాలలో ఆ భాగం ముందే కలిసి వస్తోంది. అన్నం తినేవాడూ అన్నమే అన్న తైత్తిరీయోపనిషత్తు భావానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇంత చెప్పినా రాత్రి రెండింటికి బిడ్డ మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మొహం కందగడ్డలా చేసుకుని గుక్కపట్టి ఏడుస్తుంటే ఉపనిషత్తు గుర్తుకు రాదు. గ్యాస్ పట్టిందేమో, పాలు చాలలేదేమో, మూడు రోజులుగా విరేచనం కాలేదేమిటి అన్న భయాలే వస్తాయి. అమ్మమ్మ బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమురుతుంది. అరచేతికి ఆముదం రాసుకుని బొడ్డు చుట్టూ మెల్లగా తిప్పుతుంది. వాతాపిని అరిగించుకున్న అగస్త్యుణ్ణి తలుచుకుంటుంది. ఇవన్నీ మంచివే. పొట్ట పైన చేసే వైద్యానికీ పొట్టలోకి పంపే వైద్యానికీ మధ్య గీత ఒక్కటి చెరిగిపోకూడదు. వస అరగదీసి నాకించడం, వాము నీళ్ళు పట్టడం, 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారు చేసిన గ్రైప్ వాటర్ పట్టడం గీతకు అవతలి సంగతులు. అవి పాలకు వెళ్ళాల్సిన చోటును ఆక్రమిస్తాయి.

ఈ భయాల్లో చాలావాటికి జవాబు కాలమే. అన్నవాహికకు కింద ఉండే కండరం ఇంకా గట్టిపడకపోవడం వల్ల చాలామంది బిడ్డలు పాలు కక్కుతారు. బరువు పెరుగుతుంటే దాని గురించి బెంగ అక్కర్లేదు. నెల దాటాక చనుబాలు మాత్రమే తాగే బిడ్డకు కొన్ని రోజులు విరేచనం కాకపోయినా, అయినప్పుడు మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. కారణం తెలియని ఏడుపుకు 1954లో మోరిస్ వెసెల్ అనే వైద్యుడు ఒక కొలత చెప్పాడు: రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు మించి. ఆరో వారం ప్రాంతంలో పెరిగే ఆ ఏడుపు మూడు నాలుగు నెలలకు సాధారణంగా తగ్గిపోతుంది.

కానీ ఆలోగా ఇంట్లో నేరం తల్లి మీద పడుతుంది. పప్పు తిన్నావు, చన్నీళ్ళు తాగావు, అందుకే బిడ్డకు కడుపునొప్పి అంటారు. చరక సంహిత పాలకు ఎనిమిది దోషాలను లెక్కపెట్టింది. వాటికి చికిత్సా చెప్పింది. అంటే అక్కడ దోషమన్నది వైద్యం చేయాల్సిన స్థితి. కొందరు బిడ్డలకు తల్లి తాగే ఆవుపాలలోని ప్రొటీన్ పడని మాట నిజమే. అప్పుడు మలంలో రక్తపు జీరలు కనబడవచ్చు, వైద్యులు తల్లిని కొన్నాళ్ళు పాలు, పెరుగు మానమంటారు. అంతే తప్ప పదకొండో రోజు దాకా చారన్నమే పెట్టి, బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఆమె పళ్ళెం వైపు చూడటానికి శాస్త్రంలోనూ వైద్యంలోనూ ఆధారం లేదు.

తల్లిపాలను పూజించడం కూడా బిడ్డకన్నా పెద్దదైపోకూడదు. వాటిలో విటమిన్ డి చాలదు కాబట్టి మొదటి రోజుల నుంచే రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. పుట్టిన బరువులో 10 శాతం లేదా అంతకు మించి తగ్గినా, అయిదో రోజు తర్వాత రోజుకు ఆరు తడి డైపర్లు రాకపోయినా, కామెర్లు పెరుగుతున్నా వెంటనే వైద్యుణ్ణి కలవాలి. ఫార్ములా పాలు అవసరమైతే పట్టడం కూడా ధర్మమే. ఆకుపచ్చటి వాంతి, మలంలో రక్తం, 100.4 డిగ్రీల జ్వరం, పాలు పట్టలేనంత మగత ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు.

ఫ్రీమాంట్‌లో ఈ ప్రశ్న తెలుగువాళ్ళది మాత్రమే కాదు. సెంటర్‌విల్ ప్రాంతంలో లిటిల్ కాబూల్ అని పేరుపడ్డ అఫ్ఘాన్ల పేట ఉంది. ముస్లిం కుటుంబాల్లో నమిలి మెత్తచేసిన ఖర్జూరాన్ని బిడ్డ అంగిలికి రాసే తహ్నీక్ ఆచారం ఉంది. అదే సంప్రదాయంలో ఖురాన్ రెండో అధ్యాయం తల్లులు రెండు పూర్తి సంవత్సరాలు పాలివ్వడం గురించి చెబుతుంది. రెండేళ్ళ దాకా, ఆపైనా తల్లిపాలు కొనసాగించడాన్ని అమెరికన్ అకాడమీ 2022లో సమర్థించింది. ఇటు భారతదేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుట్టిన గంటలోపు చన్ను అందిన బిడ్డలు 41.8 శాతమే. మిగిలిన సగానికి పైగా బిడ్డల విషయంలో ఆలస్యానికి ఆపరేషన్లు, ఆసుపత్రి అలవాట్లు కారణం కావచ్చు, నమ్మకాలూ కావచ్చు.

జాతకర్మ చేయించుకోవాలనుకునే కుటుంబానికి అడ్డంకి ఏమీ లేదు. చెవిలో వాక్కు పలకవచ్చు, బంగారం చేతికి తాకించవచ్చు, సరస్వతిని తలుచుకుని చన్ను అందించవచ్చు. తేనె ఒక్కటి వదిలితే చాలు. ఆరో నెల అన్నప్రాశన పాయసంలోనూ అది వద్దు. దేశకాలాలను బట్టి ఆచారం నడవాలని ధర్మశాస్త్రాలే ఒప్పుకున్నాయి కాబట్టి పురోహితుడికీ ఇది కష్టమైన మాట కాదు. కాకపోతే కుట్ల నొప్పితో, నిద్ర లేని కళ్ళతో ఉన్న బాలింత, అమ్మకూ అత్తగారికీ మధ్య కూర్చుని ఈ వాదన చేయలేదు. ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో సీమంతం నాడే పురోహితుడూ పెద్దలూ భార్యాభర్తలూ కలిసి తేల్చుకోవాలి. తేనె వద్దన్న మాట ముందు అమ్మమ్మ నోట, నాయనమ్మ నోట వస్తే కొత్త తల్లికి ఆ మొదటి వారంలో ఒక పోరైనా తప్పుతుంది.