తిలాపాపం తలా పిడికెడు: వ్యవస్థా దృష్టిలో నైతిక బాధ్యత

'వ్యవస్థ' అన్న పదం తెలుగులో నేడు రెండు విధాలుగా వాడుకలో ఉంది. కాలువల వ్యవస్థ, నాడీ వ్యవస్థ అన్నప్పుడు అది ఒకదానిపై ఒకటి ఆధారపడిన భాగాల కూర్పు. 'తప్పు వ్యవస్థది' అన్నప్పుడు నిందను మోయడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే, ముఖం లేని ప్రతివాది. ధర్మశాస్త్ర సంప్రదాయంలో దీనికి మరొక అర్థం ఉండేది: వివాదాస్పద విషయంపై పండితులిచ్చే నిర్ణయం. కంపెనీ పాలనాకాలంలో న్యాయస్థానాల పండితులు చెప్పిన అభిప్రాయాలను వ్యవస్థలుగానే వ్యవహరించారు. వాడుకలో మరుగున పడిన ఈ మూడవ అర్థంలో నిర్ణయించే కర్త స్పష్టంగా కనిపిస్తాడు. వైద్య, సాంఘిక సేవా, విద్యారంగాల వృత్తినిపుణులకు స్నాతకోత్తర స్థాయిలో వ్యవస్థా సిద్ధాంతాన్ని బోధించేటప్పుడు తలెత్తే నైతిక ప్రశ్న ఈ మూడు అర్థాల నడుమనే ఉంది: కారణం అందరికీ పంపిణీ అయినప్పుడు బాధ్యత ఎవరిది?

లుడ్విగ్ వాన్ బెర్టలన్ఫీ 1968లో ప్రకటించిన సాధారణ వ్యవస్థా సిద్ధాంతం, గ్రెగరీ బేట్సన్ 1972 నాటి వ్యాససంపుటి ఈ దృష్టికి పునాదులు. ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన కుటుంబ చికిత్సకుల బృందం 1980లో పరికల్పన, వలయాకారత, తాటస్థ్యం అనే మూడు సూత్రాలను ప్రతిపాదించింది. రోగి లోపలే రోగకారణాన్ని వెదకక, మనుషుల మధ్య సంబంధాలలో వెదకడం వీటి సారాంశం. లండన్‌లోని టావిస్టాక్ వంటి సంస్థలు ఈ దృష్టిని వైద్యులకే పరిమితం చేయక ఉపాధ్యాయులకు, సాంఘిక సేవకులకు కూడా బోధిస్తున్నాయి. భారతదేశంలో 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోని గుడారాలలో ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో కుటుంబ మనోవైద్యానికి ప్రత్యేక కేంద్రం ఏర్పడింది.

దిగువ కృష్ణా డెల్టాలో ఈ దృష్టి ఎట్లా పనిచేస్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు. గుడివాడ పరిసరాలలో వరిపొలాలు చేపల చెరువులుగా మారిన ఒక గ్రామం. నాట్లు, కోతలు లేక అక్కడి కూలి కుటుంబానికి పనిదినాలు తగ్గాయి. తండ్రి తాగుడుకు అలవాటుపడ్డాడు. తల్లి తీసుకున్న అప్పు వాయిదాలు వారంవారం గుమ్మం ముందుకు వస్తున్నాయి. ఏడవ తరగతి చదివే కూతురు బడి మానేసి తమ్ముణ్ణి చూసుకుంటోంది. ఉపాధ్యాయుడి హాజరుపట్టీలో ఇది గైర్హాజరు. ఏఎన్‌ఎం పుస్తకంలో తల్లి రక్తహీనత. వైద్యుడి చీటీలో తండ్రి కాలేయవ్యాధి. మూడు పుస్తకాలు మూడు నిజాలే చెబుతున్నాయి. అవి ఒకే ఇంటి కథ అన్న నాలుగవ నిజం మాత్రం ఎక్కడా నమోదు కావడం లేదు. వ్యవస్థా శిక్షణ ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి చర్య ఎవరి చర్యకు ప్రతిస్పందనో అడగడం నేర్పుతుంది. తండ్రి తాగడం వల్ల తల్లి అప్పు చేస్తోందా, అప్పు వాళ్ల ఒత్తిడి వల్ల తండ్రి తాగుతున్నాడా అన్న ప్రశ్నకు వలయంలో ఆది అంతం ఉండవు.

ప్రమాదం కూడా ఇక్కడే పొంచి ఉంది. పై ఉదాహరణలోని తండ్రి తల్లిని కొడతాడనుకుందాం. భార్య సణుగుడు, భర్త దెబ్బ ఒకే వలయంలోని రెండు మలుపులని తటస్థంగా వర్ణించే నిపుణుడు, వర్ణన పేరుతో తీర్పే ఇస్తున్నాడు. 1978లో రేచల్ హేర్-మస్టిన్, 1985లో వర్జీనియా గోల్డ్‌నర్ కుటుంబ చికిత్సపై చేసిన స్త్రీవాద విమర్శ ఈ అంశాన్నే తాకింది. ఇంటిలోపలి అధికారభేదాన్ని పట్టించుకోని సిద్ధాంతం ఆ భేదాన్ని యథాతథంగా నిలబెడుతుంది. మిలాన్ బృంద సభ్యుడు జాన్‌ఫ్రాంకో చెక్కిన్ 1987లో తాటస్థ్యాన్ని జిజ్ఞాసగా పునర్నిర్వచించాడు. అయితే జిజ్ఞాస ఒక్కటే దెబ్బతిన్న వ్యక్తికి రక్షణ కాజాలదు.

'తిలాపాపం తలా పిడికెడు' అన్న సామెత ఈ సందర్భంలో పరిశీలించదగినది. పాపం ఒకరిదే కాదు, అందరికీ వాటా ఉందని అది చెబుతుంది. వ్యవస్థా సిద్ధాంతం చెప్పేదీ స్థూలంగా ఇదే. లోకవ్యవహారంలో మాత్రం ఈ సామెత తరచు నిందను పలచన చేసి, ఎవరినీ అడగనవసరం లేకుండా చేయడానికే ఉపయోగపడుతుంది. సామెతలో స్పష్టంగా చెప్పని విషయం ఒకటుంది: పిడికిళ్లన్నీ ఒకే కొలత కావు. చెరువు తవ్వించిన భూస్వామి పిడికిలి, అనుమతిచ్చిన అధికారి పిడికిలి, కూలి కోల్పోయిన తండ్రి పిడికిలి, బడి మానిన పిల్ల పిడికిలి సమానం కావు. ఎవరి చేతిలో ఎంత మార్చగల శక్తి ఉన్నదో వారి వాటా అంత. బాధ్యతకు కొలమానం కారణంలో పాలు మాత్రమే కాదు, మార్పుకు గల సామర్థ్యం కూడా. ఈ లెక్కన పిల్ల వాటా శూన్యం. భార్యను కొట్టకుండా ఉండగల తండ్రి వాటాను అతని పేదరికం పూర్తిగా చెరపలేదు.

ఈ కొలమానానికి కృష్ణా తీరచరిత్రే సాక్ష్యం. 1864 నవంబరులో మచిలీపట్నంపై విరుచుకుపడిన ఉప్పెన దాదాపు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక అంచనాల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. 1990 మే 9న అంతే తీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వార ప్రాంతంలోనే తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య వెయ్యి లోపే. సముద్రం అదే, తీరం అదే. ప్రతి తుపాను ఉప్పెన ఎత్తు వేరైనా, ఇంతటి వ్యత్యాసంలో తుపాను ఆశ్రయ భవనాలకు, ఉపగ్రహ చిత్రాలకు, ముందస్తు తరలింపుకు ప్రధానమైన పాత్ర ఉంది. 1977లో తీరం వెంబడి గుడిసెలలోని మత్స్యకారులు, వ్యవసాయ కూలీలు చనిపోవడాన్ని విధి అన్నవారు ఉన్నారు. 1990 తరువాత ఆ మాట నిలవదు. ఒక ఏర్పాటు ప్రాణాలు కాపాడగలదని రుజువైన క్షణం నుంచి, ఆ ఏర్పాటు చేయకపోవడం కూడా ఒక చర్యే అవుతుంది. మరచిపోయిన పాత అర్థంలో అదొక నిర్ణయం.

వ్యవస్థా చింతనలో తరువాతి తరం, పరిశీలకుడు తాను పరిశీలించే వలయానికి వెలుపల ఉండడని గుర్తించింది. హైన్జ్ వాన్ ఫోర్‌స్టర్ దీని నుంచి ఒక నైతిక సూత్రం తీశాడు: ఎదుటివారికి ఎంచుకోగల మార్గాలు పెరిగేటట్లు ప్రవర్తించడం. ఉపాధ్యాయుడి హాజరుపట్టీ, ఏఎన్‌ఎం పుస్తకం, వైద్యుడి చీటీ కూడా ఆ ఇంటి వ్యవస్థలో భాగాలే. బడి పనివేళలు, ఆసుపత్రిలో నిరీక్షణ వల్ల కోల్పోయే రోజుకూలి ఆ ఇంటికి ఉన్న దారులను మూసివేస్తున్నాయా, తెరుస్తున్నాయా అని నిపుణులు తమను తాము ప్రశ్నించుకోవాలి.

మచిలీపట్నంలో 2008 నుంచి కృష్ణా విశ్వవిద్యాలయం, 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. వైద్యం, బోధన, సాంఘిక సేవ చదివేవారు ఒకే తరగతిలో ఒకే కుటుంబాన్ని చర్చించే శిక్షణకు ఈ పట్టణం అనువైనది. ఆ శిక్షణ మొదట వలయాన్ని గీయడం నేర్పాలి. తరువాత అందులో శక్తి ఎక్కడ పోగుపడి ఉందో గుర్తించడం. చివరగా, గీసినవారు తమ పేరును కూడా ఆ వలయంలో రాసుకోవడం. ఈ మూడవ మెట్టు లేని శిక్షణ 'తప్పు వ్యవస్థది' అన్న పాత మాటనే పట్టభద్రుల భాషలో తిరిగి చెప్పిస్తుంది. ఆ మెట్టు ఉన్నచోట, బడి మానిన పిల్ల ఇంటికి రేపు ఉదయం ఎవరు వెళ్లాలన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా దొరుకుతుంది.