పందొమ్మిదోసారి మోగిన గంట



అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని సీటన్ హాల్ ఒక కతోలిక విశ్వవిద్యాలయం. అక్కడ బోలాండ్ హాల్ అనే విద్యార్థుల వసతిగృహంలో, 1999 సెప్టెంబరు మొదలుకొని కొన్ని నెలల్లోనే అగ్నిప్రమాదపు గంట 18 సార్లు ఊరికే మోగింది. 2000 జనవరి 19 తెల్లవారుజామున మళ్ళీ మోగింది. ఇదీ అలాంటిదేనని చాలామంది పడక దిగలేదు. ఆనాటి మంట నిజం. ముగ్గురు విద్యార్థులు మరణించారు. యాభైమందికి పైగా గాయపడ్డారు.

లేవని పిల్లలను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అన్నిసార్లు మోసపోయిన చెవి మళ్ళీ ఎలా నమ్ముతుంది? అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించే ఎనిమిదవ ఆజ్ఞ నోటిమాటకే వర్తిస్తుందని అనుకుంటాం. ఎక్కడైనా సరే, సరదాకు ఆ గంట మోగించేవాడు పొరుగువానికి అబద్ధ సాక్ష్యం పలుకుతున్నాడు. పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన పాపమే అది!

అన్నీ ఆకతాయి పనులు కావు. పొగను పసిగట్టే పరికరంలో దుమ్ము చేరినా, పురుగు దూరినా మోగుతుంది. మన తాలింపు పొగకూ మోగుతుంది. అపార్టుమెంట్లలో కాపురముంటున్న మన కుటుంబాలవారు ఆ గోల భరించలేక తీగ పీకించేస్తే, నిజమైన మంటనాడు పిలిచే గొంతు ఉండదు. మెకానిక్కును పిలిపించి శుభ్రం చేయించండి, అవసరమైతే చోటు మార్పించండి. అది బాగయ్యేవరకు మోగిన ప్రతిసారీ పిల్లలతో మెట్లమీదుగానే దిగండి, లిఫ్టు వద్దు. పక్క వాటాలో చెవులు వినపడని అవ్వ ఉంటే, దిగబోయేముందు ఆమె తలుపు తట్టండి.