పుచ్చుకునే చేయి, తెలుసుకునే మనసు

ముదిగుబ్బ వంటి కరువు సీమలో ఏడో తరగతి చదివే పిల్లవానికి బొలీవియా సంగతులూ, స్పెయిన్ సంగతులూ దేనికి? ఇంట్లో తిండి, చేలో వాన, బడిలో చాలినంతమంది ఉపాధ్యాయులు ఉన్న తర్వాత కదా దేశదేశాల వార్తలు! తరచుగా వినవచ్చే ఆక్షేపణ యిది. ఆకలి ఎరిగిన నోటి నుంచి వచ్చే మాట కనుక తేలికగా తోసివేయరానిది.

అయితే స్పానిషు మాట్లాడే ప్రపంచం మన పిల్లలకు దూరమైనదన్న భావన మీద యీ ఆక్షేపణ నిలబడివుంది. వాస్తవం వేరు. మన రైతును బతికించేదీ, ముంచేదీ అయిన చెనిక్కాయకు పుట్టిల్లు దక్షిణ అమెరికా. బార్సిలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పి, 2009లో కన్నుమూసేవరకు యీ నేలనే నమ్ముకున్నారు. 1996లో బార్సిలోనాలో ఏర్పడిన ఆయన పేరిటి ఫౌండేషను ద్వారా స్పెయిన్‌లోని కుటుంబాలు మన పిల్లలకు సాయపడుతూ వచ్చాయి. ముదిగుబ్బ నుంచి అనంతపురం పోయే దారిలోనే వుంది ట్రస్టు వారి బత్తలపల్లి ఆసుపత్రి.

అసలైన నైతిక ప్రశ్న యిక్కడే పుడుతుంది. ఇచ్చే చేయి పైన వుంటుంది. పుచ్చుకునే చేయి కింద వుంటుంది. సాయం పొందిన పిల్లవాడు కృతజ్ఞతతో ఉత్తరం రాస్తాడు. కాని ఇచ్చినవారిని గురించి వాడికి తెలిసిందేమిటి? వారిది కలవారి దేశమన్న ఒక్క మాట. అక్కడా నిరుద్యోగం వుందనీ, 2011 మే 15న యువకులు వేలాదిగా కూడళ్లలోకి వచ్చి నిలిచారనీ వాడికి తెలియదు. 2024 అక్టోబరు 29న వలెన్సియా ప్రాంతాన్ని ముంచిన వరదలో 200 మందికి పైగా చనిపోయారని తెలియదు. తెలిసివుంటే ఆ ఉత్తరంలో “మీరంతా క్షేమమేనా?” అని మనసారా అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో రెండు చేతులూ ఒక ఎత్తుకు వస్తాయి. కృతజ్ఞత మంచి గుణమే. ఎదుటివాని కష్టాన్ని ఎరగని కృతజ్ఞత మాత్రం క్రమంగా తలవంపుగా మారుతుంది.

తెలియడమంటే రాజధానుల పేర్లూ, నాణేల పేర్లూ వల్లించడం కాదు. బొలీవియాలోని కొచబాంబా నగరంలో నీటి సరఫరాను 1999లో ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. నీటి ధరలు విపరీతంగా పెరిగాయి. ప్రజలు తిరగబడ్డారు. 17 ఏళ్ల కుర్రవాడు ఒకడు తుపాకి గుండుకు బలయ్యాడు. 2000 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. 2004లో ఉరుగ్వే ప్రజలు ఓటు వేసి, నీరు మానవుని మౌలిక హక్కని తమ రాజ్యాంగంలో రాయించుకున్నారు. ఎండిన బోరుబావి పక్కన పెరిగిన పిల్లవాడు యీ పాఠం విని ఊరుకోడు. “మరి మన ఊళ్లో నీరు ఎవరిది సార్?” అని అడుగుతాడు. దూరదేశపు వార్త సొంత ఊరిని ప్రశ్నించడం నేర్పుతుంది. బహుశా కొందరికి యిబ్బంది కలిగించేది కూడా యిదే.

ఇక్కడ మనకూ ఒక పరీక్ష వుంది. అభ్యుదయ రచయితలు లక్నోలో సమావేశమైన 1936లోనే స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఆ పోరాటాన్ని తమదిగా భావించిన తరానికి మనం వారసులం. 1959 నాటి క్యూబా విప్లవాన్ని ఉత్సాహంగా చెబుతాము. మరి వెనిజులా నుంచి 70 లక్షల మందికి పైగా వలసపోయిన సంగతి? దాని కారణాలలో ఆంక్షల పాలెంత, పాలకుల తప్పిదాల పాలెంత అనే వాదం? అదీ పిల్లల ముందు పెట్టవలసిందే. తల్లిదండ్రులు బెంగళూరుకు వలసపోగా అవ్వ దగ్గర పెరిగే పిల్లవానికి వలస అంటే ఏమిటో మనం చెప్పనక్కర లేదు. మనకు నచ్చిన వార్తలనే ఏరి చెబితే అది చదువు కాదు, ప్రచారం. పిల్లవాని వివేకాన్ని నమ్మలేనివాడు ప్రజల వివేకాన్ని నమ్ముతానంటే ఎట్లా నమ్మడం?

ఇందుకు కొత్త పాఠ్యగ్రంథాలు అక్కరలేదు. గోడ మీద ప్రపంచపటం, వారానికి ఒక గంట, ఒక వార్తాపత్రిక, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే ఉపాధ్యాయుడు చాలు. పరీక్ష పెట్టరాదు, మార్కులు వేయరాదు.

అన్నం పెట్టిన తర్వాతనే ప్రపంచాన్ని చూపుదామనేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. తన కష్టం తన తలరాత అనుకునేవాడు దయ కోసం ఎదురుచూస్తాడు. అదే కష్టం మరో ఖండంలోనూ వుందనీ, అక్కడి మనుషులు దాన్ని ఎదిరించారనీ తెలిసినవాడు న్యాయం అడుగుతాడు. పిల్లవానికి అన్నంతోపాటే యీ తెలివిడి కూడా అందాలి.