జ్యోతిర్లింగం పాదాల చెంత

నీరై దూకేవాడా, ఎండై కాసేవాడా, గాలై వీచేవాడా! కొండకొమ్మున కొలువైన నిన్నే రాగితీగ నరాల్లో పరుగుతీసే తేజంగానూ తలుచుకుంటున్నాం.

ఎంత అణువుగా మొదలైంది నీ లీల! 1897లో డార్జిలింగ్ కొండల్లో, సిద్రాపాంగ్ దగ్గర, ఒక సెలయేరు తిప్పిన యంత్రాల బలం 130 కిలోవాట్లు. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి దూకిన దూకుడు తీగల వెంట వెళ్లి కోలారు బంగారుగనులను తాకింది. 1947లో, స్వాతంత్ర్యం వచ్చిన నాటికి, ఇంత నేలకూ కలిపి మనకున్నది 1,362 మెగావాట్లు.

ఆ అంకెను మనసులో ఉంచుకుని శ్రీశైలం రండి.

నల్లమల మీద భ్రమరాంబా సమేతుడై మల్లన్న. కింద, ఆ కొండల పాదాలు కడుగుతూ కృష్ణవేణి. ఆమెకు కట్టిన ఆనకట్ట దగ్గర, కుడిగట్టు విద్యుత్కేంద్రంలో 770, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 900. రెండు గట్లూ కలిస్తే 1,670 మెగావాట్లు! నాటి దేశమంతటి కరెంటుకన్నా ఒక్క క్షేత్రం పాదాల చెంత పుట్టగలిగేది ఎక్కువ. జ్యోతిర్లింగమా, నీ ముంగిట ఇది జరగడంలో నాకు వింత తోచదు, ఇంకెక్కడ జరగాలి? ఎడమగట్టు యంత్రాలు నీటిని దించి వెలుగు తీయనూ గలవు, వెనక్కి తిరిగి ఆ నీటినే పైకి తోడనూ గలవు. సృష్టీ నీదే, తిరోధానమూ నీదే. రాష్ట్రం రెండై గట్లు చెరొకరివయ్యాయి; ఏరు మాత్రం ఒక్కటే.

ఈ వెలుగుకు మునిగిన ఊళ్లున్నాయి, స్వామీ. పొలాలూ ఇళ్లూ ఇచ్చి వెళ్లినవాళ్లకు ముందు మొక్కి, తర్వాతే నీకు. నువ్వూ వాళ్లతోనే మునిగావు కదా! సంగమేశ్వరుడివై ఏటా నెలల తరబడి జలగర్భంలో ఉండి, వేసవికి నీరు తీస్తే గుడిగా తేలి, దీపారాధన అందుకుంటావు.

ఒక్క కృష్ణేనా? ఆంధ్ర ఒడిశా సరిహద్దున డుడుమ జలపాతపు మాచ్‌ఖండ్ 1955లోనే వెలుగునిచ్చింది. దాని దిగువన అదే నీరు సీలేరై మళ్లీ మళ్లీ చక్రాలు తిప్పుతుంది. గోదావరి లోయలో కోట్ల ఏళ్లు నిద్రించిన అడవులు సింగరేణి బొగ్గై లేచి, రామగుండంలో ఆనాటి ఎండను తిరిగి అప్పగిస్తాయి. పొగా ఇస్తాయి, అది దాచను. ఈనాటి ఎండ కోసమైతే ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల వైపు చూడండి: చెట్టు నీడకు మొహంవాచిన రాతినేల మీద నీలిఫలకాలు సూర్యుడికి దోసిళ్లు పట్టాయి. 2017 నుంచి అక్కడ వెయ్యి మెగావాట్లు. కరువుసీమకు శాపమనుకున్న ఎండే ప్రసాదమైంది!

2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ తీగ దక్షిణాదిని మిగతా దేశంతో ముడివేసింది. నాటి నుంచి హిమాలయపు ఏటి యంత్రమూ నల్లమల యంత్రమూ, తమ తమ వేగాల్లో తిరుగుతూనే, సెకనుకు యాభై ఆవృత్తాల ఒకే లయలో ఉంటాయి. ఒకచోట లక్ష మోటార్లు ఒక్కసారి గొంతెత్తితే ఆ లయ రవ్వంత తగ్గుతుంది. ఎక్కడెక్కడి యంత్రాలో ఆ బరువు పంచుకుని దాన్ని నిలబెడతాయి. మృదంగం తప్పితే సభంతా తలతిప్పుతుంది. ఈ మహాతాళం రేయింబవళ్లు తప్పకుండా సాగుతుంటే మనం గమనించనైనా గమనించం. ఇంత కృప ఇంత చప్పుడు లేకుండానా, ప్రభూ!

2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌కు కరెంటు చేరింది. ప్రభుత్వ లెక్కల్లో ఊళ్లలో అదే చివరిది. ఊరు చేరినా ప్రతి గడపకూ చేరాలంటే ఇంకా నడక ఉండింది, నడిచింది. 1,362 నుంచి బయలుదేరిన అంకె 2025లో అయిదు లక్షల మెగావాట్లు దాటింది. అందులో సగానికి పైగా బొగ్గునూ చమురునూ సహజవాయువునూ అడగనిది.

ఈసారి శ్రీశైలం వెళితే, మల్లన్న దర్శనం అయ్యాక నేరుగా బస్సెక్కేయకండి. ఆనకట్ట కనిపించేచోట కాసేపు ఆగి, కృష్ణమ్మకూ ఒక దండం పెట్టి రండి.