కర్మసంగము

భగవద్గీతను గూర్చి మన దేశమున ఉపన్యసించువారిలో నూటికి తొంబదిమంది ఫలత్యాగముకడనే నిలిచిపోవుదురు. పని చేయుము, ఫలము నాశింపకుము అను ఆ బోధ గుమాస్తా మొదలుకొని మంత్రివఱకు అందఱి నోటను నలిగి, తుదకు జీతము పెంపు కోరవచ్చిన నౌకరునకు యజమాని చెప్పు సమాధానముగా సైతము పరిణమించినది. కాని అదే గీత ఆఱవ అధ్యాయమున యోగారూఢుని లక్షణము చెప్పునపుడు, ఇంద్రియవిషయములయందేగాక కర్మలయందును తగులము లేకుండవలెనని యొక మాట కలదు. ఉపన్యాసకులు సాధారణముగా దానిని గబగబ దాటిపోవుదురు. ఫలమునందలి ఆసక్తి యొకటి, పనియందలి ఆసక్తి వేఱొకటి. మొదటిదానిని విడిచినవానికి రెండవది తనంత తాను సడలునా, లేక మొదటిది సడలినకొలది రెండవది మఱింత బిగియునా అను ప్రశ్న నన్ను చిరకాలముగా వేధించుచున్నది. దానిని నేను భాష్యగ్రంథములయందుగాక జాన్ బరిడ్జ్ అను ఆంగ్లేయ గోల్‌కీపరు జీవితమునందు పరీక్షింప దలచితిని. వేదాంతవిచారమున బంతియాట యేమిటని కోపగించువారికి వనపర్వములోని ధర్మవ్యాధుని జ్ఞాపకము చేసెదను. తపస్సంపన్నుడైన కౌశికుడంతటివాడు ధర్మసూక్ష్మము తెలిసికొనుటకై మిథిలానగరమున మాంసపు అంగడి ముంగిట నిలువవలసివచ్చెను గదా.

ఫుట్‌బాలు ఆటలో గోల్‌కీపరు వృత్తి విచిత్రమైనది. తక్కిన పదుగురు ఏదో యొకటి జరిగించుటకై పరుగిడుచుండ, ఇతడొక్కడు ఏదియు జరుగకుండ జూచుటకు నియుక్తుడు. 24 అడుగుల వెడల్పును 8 అడుగుల ఎత్తును గల ఆ ద్వారమున తొంబది నిమిషములు బంతి చొరకున్నచో అదియే అతని పరమఫలము. అనగా ఆతడు సంపాదింపగల మిక్కిలి గొప్ప అంకె సున్న. ఈ శూన్యఫలమునకై ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు కదలరాదో నిర్ణయించుటలోనే అతని విద్య అంతయు నున్నది. ఆ నిర్ణయమెంత దుష్కరమో తెలుపు పరిశోధన యొకటి కలదు. 2007లో మైఖేల్ బార్ ఎలీ ప్రభృతులగు ఇశ్రాయేలు పండితులు 286 పెనాల్టీలను పరిశీలించి ప్రకటించినదానినిబట్టి, కీపరు ఎడమకో కుడికో దూకక నడుమనే నిలిచిన సందర్భములు నూటికి ఆఱు మాత్రమే. నిలిచినప్పుడు మూడింట ఒక బంతి ఆగినది. దూకినప్పుడు ఏడెనిమిదింట ఒకటి. మఱి నిలువక ఎందుకు దూకుదురు? దూకి ఓడినవానిని లోకము క్షమించును, తన మనస్సును క్షమించును. కదలక నిలిచి ఓడినవాడు పని చేయనివానివలె కనబడును. అకర్మయందు కర్మను దర్శింపుమను నాల్గవ అధ్యాయపు బోధ విని తలయూపుట సులభము. పదునొకండు మీటర్ల దూరమున ఒకడు బంతిని తన్నబోవుచుండగా దానిని ఆచరించుట వేఱు.

బరిడ్జ్ 1951 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండు వాయవ్యతీరమున, బొగ్గుగనులకును ఉక్కునకును పేరువడిన వర్కింగ్‌టన్ పట్టణమున పుట్టెను. 1969లో ఆ యూరి జట్టుతోనే వృత్తి నారంభించి, బ్లాక్‌పూల్, ఆస్టన్ విల్లా, క్రిస్టల్ పేలస్, వుల్వర్‌హాంప్టన్, షెఫీల్డ్ యునైటెడ్, సౌతాంప్టన్, న్యూకాజిల్, స్కాట్లండులో హిబర్నియన్, ఇట్లు ఒకదాని వెంట నొకటిగా దాదాపు 30 జట్లకు గోలు కాచి, 700కు పైగా లీగు ఆటలాడి, 1997లోగాని విరమింపలేదు. గెలుపులు లేకపోలేదు. 1971లో బ్లాక్‌పూల్ జట్టు బొలోన్యా నగరమున ఆ యూరివారినే ఓడించి ఆంగ్లో ఇటాలియన్ కప్పు తెచ్చుకొన్నపుడును, 1977లో ఆస్టన్ విల్లా ఎవర్టన్‌తో రెండు పర్యాయములు సరిసమానముగా ముగించి మూడవమాఱు 3-2తో లీగు కప్పు గెలిచినపుడును, 1991లో హిబర్నియన్‌వారు స్కాట్లండు లీగు కప్పు నెత్తినపుడును గోలులో నిలిచినవాడితడే. అయినను ఇంగ్లండు జాతీయజట్టున ఒక్క ఆటయైన ఇతనికి దక్కలేదు.

పరివ్రాజకుడు గ్రామమున ఒక రాత్రికి మించి నిలువరాదని మన స్మృతులు విధించినవి. బరిడ్జ్ తుదినాళ్ళ సంచారము చూచినచో ఆ నియమమునకు దగ్గఱగానే యున్నది. కొన్ని వారములు ఒకచోట, కొన్ని ఆటలు వేఱొకచోట. పెద్ద జట్టా చిన్న జట్టా, పేరువచ్చునా రాదా అను విచారమే కానరాదు. డంబార్టన్‌కైనను డార్లింగ్‌టన్‌కైనను అతడు వచ్చెను. ఇట్టివానిని జూచి ఫలాపేక్ష లేనివాడనుటకు నేను వెనుదీయను. కాని సన్న్యాసియని మాత్రము అనజాలను. ఏలయన సన్న్యాసి సంచరించుట విడుచుటకొఱకు. ఇతడు సంచరించినది విడువకుండుటకొఱకు. రెండు గోలుస్తంభముల నడుమ నిలుచుటకు ఎక్కడ చోటు దొరకునో అక్కడికి పోవుటయే అతని తీర్థయాత్ర.

ఆ పనియందు అతనికి గల మోహమును గూర్చి ఇంగ్లండున ఎన్నియో కథలు చెప్పుకొందురు, కొన్నింటిని ఆయనే చెప్పెను. చేతులకు గ్లవుజులు తొడిగికొని పండుకొనెడివాడట. టెలివిజను చూచుచున్నపుడు తాను ఎఱుగకుండ పండ్లు విసరుచుండుమని భార్యను కోరెడివాడట. దేహము ఏ క్షణమునను ఏమఱుపాటు చెందరాదని. (ఆ యిల్లాలి సహనమును గూర్చి ప్రత్యేకముగా ఒక వ్యాసము వ్రాయదగును.) ఆటకు ముందు చేతులమీద నడచుచు, పిల్లిమొగ్గలు వేయుచు జనమును నవ్వించెడివాడు, ఒకప్పుడు తన జట్టు సునాయాసముగా గెలుచుచుండగా గోలు పైకమ్మి నెక్కి కూర్చుండెను. 1992లో ఆట నియమము మాఱి, తనవాడు కాలితో ఉద్దేశపూర్వకముగా వెనుకకు పంపిన బంతిని కీపరు చేత పట్టరాదని శాసించినపుడు, నలువదియేండ్లు పైబడిన బరిడ్జ్ చేతులతో నేర్చిన విద్యకు పాదవిద్యను జోడింపవలసివచ్చెను. అప్పుడైనను వదలెనా? లేదు. 1995 మే నెలలో మాంచెస్టర్ సిటీ పక్షమున ప్రీమియర్ లీగులో ఆడునాటికి వయస్సు 43 సంవత్సరముల 162 దినములు. ఆ లీగున అంతటి వయస్సున ఆడినవాడు అంతకుమున్ను లేడు.

తరువాత ఆట యుడిగినది. ఉడిగినంతనే మనిషియు క్రుంగెను. మంచము విడిచి లేవలేనంతటి విషాదము తన్ను క్రమ్మినదనియు, తనవారు తన్ను మానసికచికిత్సాలయమున చేర్చవలసివచ్చినదనియు ఆయనే దాపరికము లేక చెప్పెను. ఇక్కడ నేనొక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మనోవ్యాధి వ్యాధియే, దానికి వైద్యుడు కావలెను. రోగిని ఎదుట గూర్చుండబెట్టికొని నీకు వైరాగ్యము చాలక ఈ దుఃఖము కలిగినదని గీతాశ్లోకములు వల్లించు పెద్దమనుష్యులను నేనెఱుగుదును. అట్టివారు నోరు మూసికొనుటయే లోకోపకారము. నేను విచారించుచున్నది వ్యాధినిగాదు. దానికి పూర్వము ముప్పదియేండ్లుగా కట్టుకొనుచు వచ్చిన గృహమును. కప్పు రాకున్నను, కీర్తి రాకున్నను, ధనము రాకున్నను నిలువగల ఒక మానవుడు పనియే లేకపోయినచో నిలువజాలకపోయెను. ఫలము అతనికి ఆవల నుండినది గనుక విడువగలిగెను. పని ఆవల లేదు. బంతిని పట్టు చేయియే తానని నమ్మినవాడు చేయి ఊరకున్న నాడు తానెవడో ఎట్లు చెప్పగలడు? కర్తృత్వబుద్ధియని వేదాంతులు పేరిడినది ఇదియే. ఫలత్యాగము దానిని తాకనైన తాకదు. తాకకపోవుటయేగాక కొన్నియెడల పోషించునని కూడ నా యనుమానము: ఫలముపై చూపు లేనివాడు ఆ చూపునంతయు పనిపై నిలుపును, అది చూచువారికి తపస్సువలె కనుపించును, తనకును అట్లే తోచును.

తరువాతి కథ అరేబియాతీరమున జరిగినది. బరిడ్జ్ ఒమాన్ దేశమునకు పోయి అచటి కీపర్లకు శిక్షకుడయ్యెను. అచట అతని కంటబడిన యువకుడు అలీ అల్ హబ్సీ. 1981లో మస్కట్టున బుట్టి, విమానాశ్రయమున అగ్నిమాపకదళమున పనిచేయుచున్న ఆ పొడవరిని చేరదీసి, యూరోపునకు పంపదగినవానిగా తీర్చిదిద్దుటకు ఆయన పూనుకొనెను. 2003లో ఆ శిష్యుడు నార్వేలోని లిన్ జట్టులో చేరెను. 2006లో ఇంగ్లండున బోల్టన్ జట్టునకు వచ్చి, ప్రీమియర్ లీగున ఆడిన మొదటి ఒమాన్ దేశీయుడయ్యెను. వచ్చినంతనే ఆడలేదు. ఫిన్లండు కీపరు యూసీ యాస్కెలైనెన్ గోలును విడువకుండుటచేత ఏండ్ల తరబడి రిజర్వు బల్లపైననే కాలము గడిపెను. గురువు ఎన్నడును కుదురుగా చదువని పాఠము అది. 2009 జనవరిలో మస్కట్టునందే జరిగిన గల్ఫ్ కప్పు పోటీలో అల్ హబ్సీ ఒక్క గోలైన ఇయ్యక కాచెను. తుదియాటలో సౌదీ అరేబియాతో గోలు లేక సమముగా నిలిచి, ఒమాన్ పెనాల్టీలలో గెలిచినది.

శిష్యునియందు గురువు తరించెనని ఇక్కడ కథ ముగించుట మన పురాణసంప్రదాయమునకు ప్రియముగా నుండును. నాకది తృప్తి గొలుపలేదు. శిక్షకత్వము కర్మసంగమునకు విముక్తియా, వేషాంతరమా? తాను ఆడలేని ఆటను శిష్యుని దేహముతో ఆడించుకొనువారిని మనము ఎఱుగుదుము. కచేరి మానిన విద్వాంసులలోను, కుమారుని చదువులో తమ చదువును కొనసాగించు తండ్రులలోను వారు కొల్లలు. అట్టివారి సంగము చావలేదు, ఇల్లు మాఱినది. బరిడ్జ్ సైతము అట్టివాడే కావచ్చును. మాఱుమనస్సు పొంది బోధకుడైనవాడు కాడతడు. బంతి లేక బ్రదుకలేక బంతికడకు తిరిగి వచ్చినవాడు.

ఐనను గోల్‌కీపర్ల శిక్షకుని వృత్తియందొక నిర్బంధము కలదు, అది నన్ను ఆలోచింపజేసినది. జట్టు ప్రధానశిక్షకునకు ఆట నడచుచున్నంతసేపును చేయుటకేదో యుండును. ఒకనిని దింపును, వేఱొకనిని పంపును, వ్యూహము మార్చును. కీపర్ల శిక్షకుడు ఆటకు ముందు శిష్యునకు బంతులు తన్ని, చేతులు వేడెక్కించి, గీత వెలుపల కూర్చుండును. అటుపైన తొంబది నిమిషములు అతడు చేయగలిగినది ఏమియు లేదు. కీపరును మార్చుట గాయము తగిలిననాడుగాని సామాన్యముగా ఉండదు. గోలువైపు బంతి వచ్చుచున్నది. ఎటు దూకవలెనో తన దేహమునకు తెలియును. దూకువాడు తాను కాడు. ముప్పదియేండ్లు దూకినవానికి ఇంతకంటె కఠినమైన సాధన మఱొకటి విధింపవలెనన్నను దొరకదు. ఈ సాధనను అతడు వైరాగ్యముతో ఎన్నుకొనలేదు, నిజమే. కాని దానియందు ప్రతి వారమును కూర్చుండెను.

ఆఱవ అధ్యాయమున ఆ యోగారూఢుని మాటకు ముందే మఱియొక మాట యున్నది. ఎక్కగోరువానికి కర్మయే సాధనమనియు, ఎక్కినవానికి శమము సాధనమనియు గీత ఇద్దఱిని వేఱుచేసినది. మన ఉపన్యాసకులు శ్రోతలనందఱను ఎక్కినవారిగానే భావించి శమమును పంచిపెట్టుదురు. బరిడ్జ్‌ను ఎక్కగోరువారి పంక్తియందు కూర్చుండబెట్టుటకే నా సమ్మతి. ఆ పంక్తిలోనివానిని పని మానుమనుట శాస్త్రమును కాదు, దయయును కాదు. మస్కట్టు ఎండలో ఇంకొకనికి బంతులు తన్నుమని పంపుట ఆ రెండింటికిని దగ్గఱగా నున్నది.