పూజలో కునికే సోదరుడు



ఆదివారపు దివ్యపూజలో ప్రసంగం మొదలవగానే కునికే పెద్దాయన మీ విచారణలోనూ ఉంటారు. భక్తి లేదని మనం నవ్వుకుంటాం. ఆయన ఇంట్లోవారిని అడగండి. రాత్రంతా గురక, నడుమ ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. ఇది సోమరితనం కాదు, స్లీప్ ఆప్నియా అనే జబ్బు కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. రక్తపోటు పెరుగుతుంది. పిడుగురాళ్ల దారిలో రాత్రివేళ లారీ తోలే సోదరునికైతే ఒక్క కునుకే ప్రాణం తీయవచ్చు.

పరీక్షకు భయపడనక్కరలేదు. ఒక రాత్రి ఒంటికి తీగలు అమర్చి, నిద్రలో 10 సెకన్లకు తగ్గకుండా ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు ఎన్నిసార్లో లెక్కిస్తారు. 30 దాటితే జబ్బు తీవ్రమని అర్థం. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ లోకానికి తెలిపిన సీప్యాప్ యంత్రం, మాస్కు ద్వారా గాలి పంపి గొంతును తెరచి ఉంచుతుంది.

ప్రార్థన ఉండగా మాస్కు ఎందుకంటారా? సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తీయండి. రోగి ప్రార్థించాలి, వైద్యునికీ చోటివ్వాలి అని అక్కడ బోధ. ఆదాము నాసికలో జీవశ్వాస ఊదిన దేవుడు, ఆ శ్వాసను కాపాడుకొనే బాధ్యత మనకు అప్పగించాడు.

ఈ ఆదివారం కునికే సోదరుని మోచేత్తో పొడవకండి. పూజానంతరం ప్రేమతో పలకరించి, డాక్టరు వద్దకు తోడు వెళ్లండి.